వదులైన కట్టు

వంటింట్లో నిలబడి ఉడికిన కోడిగుడ్ల పొట్టు వలుస్తోంది వనిత. సరిగా ఉడకనిది ఒకటి పగిలి, సొనంతా నీళ్ళలోకి కారిపోయింది. హాల్లోంచి తొంగిచూసిన అత్త ఇంద్రమ్మ, కూరగిన్నె ఇచ్చిపోదామని వచ్చిన పక్కింటామెతో అంది: "దీని దగ్గర గుడ్డు ఏడ నిలుస్తదమ్మా? కడుపుల నిలువలే, గిన్నెల నిలువలే."

పక్కింటామె నవ్వింది. సోఫాలో ఫోను చూసుకుంటున్న మహేశ్ కూడా నవ్వాడు. అత్త మాట కొత్తది కాదు, మొగుడి నవ్వు కొత్తది. వనిత ఆ పగిలిన గుడ్డునే అతని ప్లేట్లో పెట్టి కాలేజీకి వెళ్ళిపోయింది.

కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆమె జంతుశాస్త్రం చెబుతుంది. ఆ రోజు పాఠం అండం ఎలా తయారవుతుందన్నది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. ఆగినచోట క్రోమోజోములు జంటలుగా ఉంటాయి. వాటి చుట్టూ కొన్ని ప్రొటీన్లు చీపురుకట్టకు తాడులా బిగిసి, వేళ కాకముందే విడిపోకుండా పట్టుకుంటాయి. ఆ కట్టు తొందరపడి తెగకుండా కాపలా కాసే ప్రొటీను మరొకటి. అండం విడుదలయ్యేప్పుడు కట్టు సరిగ్గా విడితే క్రోమోజోములు ఎటువి అటు పోతాయి. కానీ ఆ కట్టు పడేది ఒక్కసారే. ఏళ్ళు గడిచేకొద్దీ వదులవుతుంది, దాని జాగాలో కొత్తది పడదు. అప్పుడు ఒక అండంలో ఒక క్రోమోజోము ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. అలాంటి అండంతో ఏర్పడ్డ పిండాలు చాలావరకు నిలవవు.

"మరి మొగోళ్ళకు మేడం?" అని ముందు బెంచీ పిల్ల అడిగింది.

"వాళ్ళకు ఈడొచ్చినంక మొదలైతది. దినాం కొత్తగ తయారైతయి" అంది వనిత. అని, బోర్డువైపు తిరిగి ఆ మాటే రాసింది.

పెళ్ళినాటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. మామ తాటిచెట్టు మీదినుంచి పడి నడుము విరిగితే, చెట్టెక్కే మోకుతాడు ముట్టనన్న మహేశ్ దుబాయి వీసా తెచ్చుకున్నాడు. ప్రయాణానికి ముందే ఆమెకు నెల తప్పింది. "ఇప్పుడొద్దు. నేను లేకుండ నువ్వొక్కదానివి ఎట్ల సాదుతవ్? జర ఆగు" అన్నాడు. అత్తే జగిత్యాల తీసుకుపోయి తీయించుకొచ్చింది. రెండేళ్ళకు సెలవు మీద వచ్చినప్పుడు మళ్ళీ నిలిచింది. "చెల్లె పెండ్లి గానీ, ఇల్లు లేవనీ" అన్నాడు. మళ్ళీ జగిత్యాల. ఆ తరువాత మాత్రలు. దుబాయి నుంచి, షార్జా నుంచి, మస్కట్ నుంచి ఫోన్లో వచ్చిన మాట ఒక్కటే: ఆగు. ఆమె మామ మంచం కడిగింది, ఆడబిడ్డ పెళ్ళి చేసింది, ఇల్లు కట్టే మేస్త్రీలకు చాయ్ కాచింది, ఆగింది. కరోనాలో కంపెనీ మూతబడి అతను ఇంటికి చేరేనాటికి ఆమెకు ముప్ఫై నాలుగు. అప్పుడు అందరికీ పిల్లలు గుర్తొచ్చారు. రెండుసార్లు నిలిచింది, రెండుసార్లూ మూడోనెలలో పోయింది. కరీంనగర్ డాక్టరమ్మ పరీక్ష చేయించి, పిండంలో ఒక క్రోమోజోము ఎక్కువుందని, అండానికి వయసు మీదపడడంతో ఇలా అవుతుందని చెప్పింది. మహేశ్ చెవికి ఎక్కింది ఒక్కటే ముక్క, తప్పు అండానిదని. అప్పటినుంచి ఇంద్రమ్మ వాడకట్టంతా చెప్పుకుంది, తన కొడుక్కు ఏ లోటూ లేదని.

గుడ్డు పగిలిన ఆ రోజు సాయంత్రం అన్నం ముందు కూర్చుని మహేశ్ తాపీగా చెప్పాడు: "కోనరావుపేటల ఒక పిల్లను సూసినం. నువ్వేడికి పోవద్దు. మేడ మీది అర్రల ఉండు, కాలేజీకి పో. పిల్లలైతే నువ్వు గుడ సాదుకో. ఒప్పుకున్నట్టు నాతోని ఒక్కపారి వచ్చి ఆళ్ళకు చెప్తే సాలు."

"నా గురించి ఏం చెప్పిన్రు ఆళ్ళకు?"

అత్త అందుకుంది. "పుట్టుగొడ్డు అని చెప్పినం. మల్లేం చెప్తరు?"

వనిత చేతిలో అన్నం గంటె ఉంది. వారం వారం ఏడ్చిన మనిషికి ఆ క్షణాన కన్నీళ్ళ జాడే లేదు. లోపల ఎక్కడో పొయ్యి అంటుకున్నట్టు, చాలా ఏళ్ళ తరువాత ఒళ్ళంతా వెచ్చగా, బలంగా అనిపించింది. ఇద్దరికీ కొసరి కొసరి వడ్డించింది. "నేనే చెప్త" అంది. మహేశ్ దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆమె చీరలు, సర్టిఫికెట్లు బ్యాగులో సర్దుకుని సిరిసిల్ల బస్సెక్కింది. అక్కడ దిగి కోనరావుపేట ఆటో పట్టుకుంది. పిల్ల తండ్రి మొగిలయ్య అప్పుడే కల్లు దించి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఎవరు గావాలె బిడ్డా?"

"కోరుట్ల మహేశ్ పెండ్లాన్ని."

ఇంట్లోంచి ఆ పిల్ల బయటికి వచ్చింది. పేరు సంగీత, సిరిసిల్లలో బట్టల కంపెనీలో మిషను కుడుతుందట. వనిత పెళ్ళినాటి వయసే. ఆ మొఖం చూడగానే వనిత కోపం ఇంకా పదునెక్కింది.

"నన్ను గొడ్డని చెప్పిన్రట. నీ అంత ఉన్నప్పుడు నాకు కడుపైంది చెల్లె. ఆయనే తీయించిండు. మల్లొకటైతే అదిగుడ తీయించిండు. అప్పుడు నా అండం గట్టిగనే ఉండె, ఆయన ఇల్లే ఇంక లేవకుండె" అంది. తరువాత క్లాసులో చెప్పినట్టే, తల్లి కడుపులో పడే ఆ కట్టు గురించి, ఆగమంటే అది ఆగదన్న సంగతి చెప్పింది.

సంగీత నోరు తెరుచుకుని విని, మెల్లగా అడిగింది. "నన్ను గుడ ఆగుమంటడా అక్కా?"

"మస్కట్‌ల పనికి మల్లా కాయిదాలు పెట్టిండు. లగ్గమైనంక పోతడు. మీకు చెప్పలేదా?"

"ఊర్లనే దుకాణం పెడుత అన్నడు గదనే!" మొగిలయ్య తువ్వాల విసిరికొట్టాడు.

"నాయినా, నాకీ లగ్గం వద్దు" అంది సంగీత.

వనిత సిరిసిల్ల బస్టాండుకు వచ్చేసరికే ఫోను మోగింది. మహేశ్ గొంతు వణుకుతోంది. ఆ వణుకును ఆమె చెవి తీయకుండా, తీరికగా విన్నది.

"ఏం జెప్పినవే ఆళ్ళకు? మొగిలయ్య ఫోన్‌ల బూతులు తిట్టిండు. ఇంటికి రా, నీ సంగతి చెప్త."

"ఇంటికి రాను. జగిత్యాలల అర్ర కిరాయికి తీసుకున్న."

"రాకు! నాకు గా ఒక్క పిల్లనే ఉన్నదా? మల్లాపూర్ల ఉన్నది, ముత్యంపేటల ఉన్నది..."

"సూడు. ఏ ఊరు సూస్తవో సూడు" అంది వనిత. "అన్ని ఊర్లకు బస్సులున్నయి."