ఊరికే వచ్చిన గొంతు

నేను ఒక పాత కంప్యూటరుని. చీరాలలో మగ్గాలున్న వీధిలో, ఒక ఇంటి ముందుగదిలో ఉంటాను. ఇప్పుడు నాంచారు నన్ను తుడుస్తోంది. పాత చీర ముక్కని తడిపి, గట్టిగా పిండి, ముందు నా అద్దం తుడిచింది, తర్వాత నెత్తి. మీటల సందుల్లో దుమ్ముని అరిగిపోయిన రంగుల కుంచెతో దులుపుతోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక రోజూ ఇదే పని. షంషాద్ వచ్చే వేళకి నేను శుభ్రంగా ఉండాలి. షంషాద్‌కి పుట్టినప్పటినుంచీ చూపు లేదు. అయినా తుడుస్తుంది.

నాకు తెలిసిన సంగతి ఒకటి నాంచారుకి ఇంకా తెలియదు. చెప్పడానికి పొద్దుటిదాకా నాకొక గొంతుండేది. ఇప్పుడు లేదు.

నేను గొప్ప కార్ఖానాలో పుట్టలేదు. గుంటూరులో ఒక దుకాణంవాడు పెట్టె ఒకచోట, లోపలి సామాను ఇంకోచోట తెచ్చి, టీ తాగుతూ బిగించాడు. మొదట ఒక ఎరువుల కొట్లో ఉన్నాను. ఆ యజమాని నన్ను లెక్క అడిగి, అదే లెక్క వేళ్ళమీద మళ్ళీ వేసుకుని, రెండూ కలిస్తే నన్ను మెచ్చుకునేవాడు. కొత్తది వచ్చాక నన్ను యూరియా బస్తాల పక్కన పెట్టారు. అక్కడినుంచే మస్తాన్‌రావు నన్ను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

మస్తాన్‌రావు నాంచారుకి అన్న. శుభలేఖలు, కొట్ల కరపత్రాలు, వర్ధంతి కార్డులు చేసి ప్రెస్సుకి పంపుతాడు. బొమ్మలూ రంగులూ అతను చూసుకుంటాడు. టైపు మొత్తం చెల్లెలిది. ఇంట్లో మనిషే కాబట్టి జీతం అన్న మాట ఎప్పుడూ రాలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

అతను నాలో ఎక్కించిన సాఫ్ట్‌వేరు చాలా ఖరీదైనదని బల్లమీద కూర్చున్న ప్రతివాళ్ళకీ చెబుతాడు. ఖరీదైన మాట నిజమే. అతను కొనని మాటా నిజమే. ఎవరో కాపీ తీసి ఇచ్చిన డిస్కు అది, పైన స్కెచ్ పెన్నుతో పేరు రాసి ఉంటుంది. మనుషులు కొనని వస్తువు ఖరీదు గురించి ఇంత గర్వంగా మాట్లాడగలరని నాకు ఈ ఇంట్లోనే తెలిసింది.

ఒకసారి నాంచారు గ్రంథాలయంలో ఎవరో పెట్టిన తరగతికి వెళ్ళి ఇంకో రకం డిస్కు తెచ్చింది. అందులోదంతా ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, చేతనైనవాళ్ళు విప్పి బాగుచేసుకోవచ్చు. నాలో కొంచెం చోటిమ్మని అన్నని అడిగింది. అతను నవ్వి, ఇంట్లో వాటా అడగలేదు, అంతే చాలు అని ఒప్పుకున్నాడు. అప్పట్నుంచీ నిద్రలేవగానే నేను అద్దం మీద రెండు వరసలు చూపించి, ఎటు వెళ్ళమంటారని అడిగేదాన్ని. పై వరస అన్నది, కింది వరస చెల్లెలిది.

ఆ కింది వరస మీద ఈ గదిలో చాలా మాటలు దొర్లాయి. ప్రెస్సు సాంబయ్య టీ తాగినంతసేపూ అదే మాట్లాడేవాడు.

“ఊరికే ఇచ్చినోడు రేపు ఊరికే మానేస్తాడు. అప్పుడు ఎవర్నడుగుతావమ్మాయ్?”

“మీ ప్రెస్సులోది ఆగిపోతే ఎవర్నడుగుతున్నావు బాబాయ్? మా అన్ననేగా,” అంది నాంచారు. సాంబయ్య టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

అతని వైపూ న్యాయం లేకపోలేదు. ఒకసారి కింది వరసలో చేసిన శుభలేఖ ప్రెస్సులో తెరిచేసరికి పెళ్ళికూతురి పేరు ముహూర్తం మీదికి జారింది. పెళ్ళివారి ముందు మస్తాన్‌రావు తల దించుకున్నాడు. దుకాణం పని ఏదీ అందులో చెయ్యొద్దన్నాడు. ఆమె సరేనంది. కింది వరస ఆమె సొంతానికే మిగిలింది.

షంషాద్ వచ్చింది ఆ తర్వాతే. వెనక వీధిలో అమ్మాయి. టీచరు ఉద్యోగానికి పరీక్ష రాయాలి. చదవాల్సిన పుస్తకాలు ఎవరైనా చదివి వినిపిస్తేనే ఆమెవి. ఇంట్లో అందరూ మగ్గం మీద ఉండేవాళ్ళే, ఎవరికి తీరిక. నాంచారుకి ఒక ఉపాయం తట్టింది. అన్న వాడే పాత అక్షరాలు కంటికి మాత్రమే తెలుగు. నా లోపల అవి వేరే గుర్తులు, పైకి చదవమంటే అర్థంలేని కూతలు వస్తాయి. కింది వరసలో కొట్టిన అక్షరం లోపలా తెలుగే. దాన్ని నేను చదవగలను. చదివే గొంతు కూడా ఆ డిస్కులోనే ఊరికే వచ్చింది.

నాంచారు పాఠాలు కొట్టడం మొదలుపెట్టింది. శుభలేఖల మధ్య, కూర ఉడికేలోగా, అన్న నిద్రపోయే మధ్యాహ్నాల్లో కొట్టింది. ఎండాకాలం మొదలుపెట్టి వానలు వెళ్ళేదాకా కొట్టింది. ఇంకోచోట దాచుకోవడానికి ఒక పెన్‌డ్రైవు అడిగితే, ఆనక చూద్దాంలే అన్నాడు అన్న.

నా గొంతు బాగుండదు. షంషాద్ మొదటిరోజు విని పకపకా నవ్వింది. “మీ కంప్యూటర్‌కి పడిశం పట్టిందేందక్కా,” అంది. తర్వాత స్టూలు దగ్గరికి జరుపుకుని, నా నెత్తిమీద చెయ్యివేసి, “ఇంకోసారి చెప్పు,” అంది. నాంచారుతో కాదు, నాతో. ఇన్నేళ్ళుగా అందరూ నా ముఖం చూశారు. నా ముఖంలో వాళ్ళ పని చూశారు. నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె వెళ్ళిపోయాక సాయంత్రం గది ఎంత ఖాళీగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. అంతకుముందు కూడా అంతే ఖాళీగా ఉండి ఉంటుంది.

పరీక్ష వచ్చే ఆదివారం.

ఈ పొద్దున నాంచారు రేషన్ కొట్టు దగ్గర వరసలో నిలబడి ఉంది. మస్తాన్‌రావుకి ఒక పెళ్ళి ఆల్బమ్ పని వచ్చింది. ఫొటోలు పట్టడానికి నాలో చోటు చాల్లేదు. అతను నన్ను తిట్టాడు, కొట్టాడు, తర్వాత కింది వరసని పట్టుకున్నాడు. నిజంగా తీసేయమంటారా అని నేను అడిగాను. మళ్ళీ అడిగాను. నేను అడిగేవి ఎవరూ చదవరు, ఊ కొట్టేస్తారు. అతనూ అంతే. అతనిలో కోపం లేదు. ఈల వేసుకుంటూ నొక్కాడు.

గుమ్మంలో కర్ర చప్పుడయింది. షంషాద్ వచ్చి స్టూలు మీద కూర్చుని, తడుముకుని నా మీద చెయ్యి పెట్టింది.

“వేడిగా ఉందక్కా. పొద్దుట్నించీ పని చేసిందా?”

నాంచారు గుడ్డ నా నెత్తిమీద వేసి, మీట నొక్కింది. నేను లేచాను. ఎటు వెళ్ళమంటారని అడగలేదు. అడగడానికి రెండో దారి లేదు. నేరుగా అన్న వరసలోకి వెళ్ళి, ఎవరివో పెళ్ళి ఫొటోలు చూపించాను. నాంచారు ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ అదే పెళ్ళి.

మస్తాన్‌రావు లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“చోటు చాల్లేదమ్మా, తీసేశా. ఊరికే వచ్చిందేగా. మళ్ళీ ఊరికే ఎక్కిచ్చుకో.”

“అది ఎక్కుద్దన్నా,” అంది నాంచారు. “నేను కొట్టిన పాఠాలో?”

అతను నా వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు. “అయ్యి కూడా దాంట్లోనే ఉన్నయ్యా?” అన్నాడు.

పక్కింటి మగ్గం ఆగి ఆగి కొడుతోంది. అతను చెడ్డవాడు కాదు. ఏదో ఒకటి సర్దాలని అతని ఆత్రం.

“పోనీ నా దాంట్లో కొట్టు నాంచారూ. రెండురోజులు పని ఆపుతా. మంచి కాగితం మీద నేనే ప్రింటు తీసిస్తా. పెద్దక్షరాల్లో తీస్తా.”

షంషాద్ నా మీదినుంచి చెయ్యి తీసింది.

ఆ చేతికి ఒక్క వాక్యమైనా వినిపించాలని వెతుక్కున్నాను. నాలో పెళ్ళిఫొటోలు తప్ప ఏమీ దొరకలేదు. నా పంకా మాత్రం తిరుగుతోంది. ఆమె కాసేపు ఆ చప్పుడే విన్నది.

నాంచారు అలమర తెరిచి, ఇంతకాలం చూసి కొట్టిన పుస్తకాలన్నీ కిందికి దించింది. కొంగుతో దుమ్ము తుడిచి చంకలో పెట్టుకుంది. షంషాద్ మోచెయ్యి పట్టుకుని లేపింది. ఆ అమ్మాయికి అర్థమైనట్టుంది, మడిచిన కర్ర విప్పింది.

“సాయంత్రానికి కార్డుల టైపుండాదే,” అన్నాడు మస్తాన్‌రావు. తర్వాత ఇంకొంచెం మెల్లగా, “ఎక్కడికే?” అన్నాడు.

నాంచారు చెప్పులు వేసుకుంది. ఇకనుంచి ఆ పాఠాలు చదవబోయే గొంతు ఆమెదే. దాన్ని ఈ గదిలో ఇంకొక్క మాటకి కూడా ఖర్చు పెట్టలేదు. తడిగుడ్డ నా నెత్తిమీదే ఉండిపోయింది. ఇద్దరూ మెట్లు దిగి, మగ్గాల చప్పుడులోకి నడిచి వెళ్ళిపోయారు.