సరుకు గదిలో ఎనిమిది మంది

వన్ టౌన్‌లో ఒక పాత బంగళాలో చేత్తో చెక్కిన చిన్న ఓడల మ్యూజియం తెరిచారని విన్నప్పటినుంచి తవిటయ్య కుదురుగా కూర్చోలేదు. పోర్టులో ముప్ఫై ఏళ్లు ఓడల కడుపుల్లోంచి బస్తాలు ఎత్తిన కలాసీ. ఆరేళ్ల కిందట సమ్మె జరిగిన నెల్లాళ్లూ చేతులు ఊరుకోక, యూనియన్ షెడ్డులో కూర్చుని టేకు ముక్కతో మూరెడు ఓడ చెక్కాడు. ఆఫీసరు గురునాథరావు ఇంట్లో చూపించి ఇచ్చేస్తానని పట్టుకుపోయాడు. ఇక ఇవ్వలేదు. ఈ సంగతి తవిటయ్య చెప్పని మనిషి కంచరపాలెంలో లేడు. నమ్మిన మనిషీ లేడు. చెక్కుతుంటే చూసిన గ్యాంగువాళ్లంతా రిటైరై ఎవరి ఊరికి వాళ్లు పోయారు. పెళ్లాం జోగమ్మ లెక్కలో అయితే అందులో సగం కోతలే.

ఆదివారం ఇద్దరూ బస్సెక్కి వచ్చారు. తెరచాప ఓడలు, పొగ ఓడలు, యారాడ తెప్పలు, అన్నీ జానెడూ మూరెడూ. జోగమ్మ అద్దాలకు ముక్కు ఆనించి ఒక్కోటీ చూస్తూ పోతోంది. మూడో గదిలో తవిటయ్య ఆగిపోయాడు.

"అదే. నా ఓడ."

జోగమ్మకు చదువు రాదు. ఎదురుగా ఉన్న చీటీ చూపించి గుమస్తాను అడిగింది. "ఏటి రాసినారు బాబూ?"

"చేసినవారు గురునాథరావు గారు, అని ఉందండి," అన్నాడు గుమస్తా శ్రీరామ్మూర్తి. కాకినాడ మనిషి, మర్యాదస్తుడు.

చేసినవాడెవడని అడగాలని ఎవరికీ తోచదు. తెచ్చి ఇచ్చినవాడి పేరు చాలు.

"విన్నావా మావా? ఎల్లిపోదాం పద. నలుగుర్లో నవ్వులపాలెందుకు."

తవిటయ్య కదల్లేదు. "ఆ చీటీ తప్పు బాబూ. నాను సేసినాను."

"ఓడలోనే తప్పుందండి. అడుగున ఉండే ఎర్ర రంగు పైదాకా పూశారు. అదంతా నీళ్లలో ఉండాలి కదండీ."

"సరుకు దింపీసిన ఓడ పైకి తేల్తాది బాబూ, ఎరుపు బయటపడతాది. మా పని అయిపోయినాక ఓడ అలగే కనిపిస్తాది. ఆఫీసర్లకేటి తెలుస్తాది?"

చూడ్డానికి వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. గుమస్తా తల గోక్కున్నాడు. "రుజువేమైనా ఉందాండీ?"

"రెండో సరుకు గది మూత తియ్యి. లోపల మా గ్యాంగు ఉంది. ఎనిమిది మందిమి."

"అది మూత కాదండి, ఒకటే చెక్క. గోరు పెట్టి చూశాను."

"గోరు పెడితే వస్తాదేటి? క్రేను పక్కకి తిప్పి దారం లాగాల. అసలు ఓడకైనా అంతే."

గుమస్తా భయపడుతూనే అద్దం తెరిచాడు. అగ్గిపుల్లంత క్రేను తిప్పి దారం లాగాడు. మూత మెల్లగా లేచింది. అందరి తలలూ ఒక్కసారి వంగాయి. లోపల గింజలంత మనుషులు, నడుములు వంచి.

"ఒకటి, రెండు..." గుమస్తా లెక్కపెట్టి తల ఎత్తాడు. "తొమ్మిది మంది ఉన్నారండి. మీరు ఎనిమిదన్నారు."

తవిటయ్య మెడ గోక్కుంటూ నేల చూశాడు.

"గ్యాంగు ఎనిమిదే బాబూ. తొమ్మిదోది ఇది." పెళ్లాన్ని చూపించాడు. "రోజూ నాకు అన్నం కేరేజీ తెచ్చేది. గేటు దాటనిచ్చీవోరు కాదు. ఓడెలాగుంటాదో సూడనేదు. అందుకే నానే ఎక్కించీసినాను."

జోగమ్మ వంగి చూసింది. మూలన ఒక ఆడమనిషి, చేతిలో ఆవగింజంత కేరేజీ. చాలాసేపు చూసింది.

"మరి ఇంత లావేటి నాను?"

గదంతా గొల్లుమంది. గుమస్తా కూడా మర్యాద మరిచి నవ్వాడు. నవ్వుతూనే పాత చీటీ చించేసి కొత్తది తీశాడు. "పేరు చెప్పండి."

"తవిటయ్య. కలాసీ. కంచరపాలెం," అని జోగమ్మే గట్టిగా చెప్పింది. "కేరేజీ తెచ్చినామె జోగమ్మని కూడా రాయి బాబూ. ఎలాగూ ఎక్కీసినాను."