పడవ నీడ

ఎన్నిసార్లు పిండినా లంగాలోంచి నీళ్ళు ఎర్రగానే వస్తున్నాయి. అరుగు మీంచి మా అత్త లక్ష్మణమ్మ కేకేసింది.

"ఒలే కుమారీ, ఆ నీల్లు దారిలో పొయ్యకు. మగోడు సంద్రం మీదికెల్తన్నాడు."

నాకు ముట్లుడిగి చాలా ఏళ్ళయింది. ఒంటేలులో నెత్తురు పడుతోందని ఎంత చెప్పినా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. ఆడదాని బట్టకు నెత్తురంటితే మా వాళ్ళకు అది మైలే. ఎక్కడినుంచి వచ్చిందని ఎవరడుగుతారు? మైలమనిషి పడవ నీడ తొక్కితే వల ఖాళీగా వస్తుందట. ఏడాదిపాటు నన్ను కళింగపట్నం ఒడ్డుకే రానివ్వలేదు. వంటకీ, అంట్లకీ, మా ఆయన పోతురాజు లుంగీలు ఉతకడానికీ మాత్రం ఆ మైల అడ్డురాలేదు. నా తోటివాళ్ళంతా ఒడ్డున కబుర్లాడుకుంటుంటే పెరట్లో నేనూ, నా నెత్తుటి బట్టలూ మిగిలాం. ఏడుపొచ్చేది. అదీ పని చేసుకుంటూనే.

ఒకరోజు కళ్ళు తిరిగి పొయ్యి దగ్గరే పడిపోయాక శ్రీకాకుళం తీసుకెళ్ళారు. మూత్రసంచిలో కేన్సర్, ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది అన్నారు డాక్టరు సుహాసిని గారు.

"తొడ దగ్గర చిన్న రంధ్రం పెట్టి, సన్నటి గొట్టం పంపి, నెత్తురు కారే నాళాన్ని మూసేస్తాం. రోగం పోదు. రక్తం ఆగితే ఉన్నన్నాళ్ళు కాస్త సుఖంగా ఉంటుంది."

"రోగం పోనప్పుడు ఇదంతా ఏటికి మేడమ్?" అన్నాడు పోతురాజు.

ఆవిడ అతనికే జవాబు చెబుతోంది. అతను మళ్ళీ ఆవిడనే అడుగుతున్నాడు. ఒళ్ళు నాది. ఇద్దరిలో ఒక్కరూ నావైపు తిరగలేదు. నాకు ఒళ్ళు మండింది.

"నాకు సెయ్యండమ్మా. పోతే పోతాను, పొడిబట్టతో పోతాను" అన్నాను.

చేశారు. వారం తిరిగేసరికి బట్ట తెల్లగా ఉంది. పెరట్లో నిలబడి దాన్ని తడిమి తడిమి చూసుకున్నాను. చెప్పుకుందామంటే ఎవరూ లేరు. తీగ మీద ఆరేసిన లంగాను అత్తే ముందు చూసింది.

"మైల తీరిపోనాది. రేపు పడవ కాడికెల్లు" అంది.

"గంప మోసినోలు ఎవులూ నేరు. పెందలాడే వచ్చెయ్" అన్నాడు ఆయన.

వెళ్ళాను. పడవ నీడలో ఇసక మీద కూర్చుని చెక్కకు వీపు ఆన్చాను. చల్లగా ఉంది. ఆయన చేపల గంప తెచ్చి నా ముందు దించాడు.

"లెగు."

"నాను కూకోడానికొచ్చాను మావా. గంప నువ్వెత్తుకో."