శాంతి, యోహాను కూతురు

రెండో విడత టీ మరుగుతోంది. చక్కెర లేకుండా ఎవరికి, పాలు తక్కువగా ఎవరికి అని అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చెబుతున్నారు. హాల్లో అమ్మ ఐసు పెట్టెలో ఉంది. పోయిన మనిషి కూతురిచేత టీ పెట్టించకూడదని గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. చేతులు వాటంతటవే గ్లాసులు కడిగాయి.

పొద్దున చీరాల నుంచి బాబాయి ఫోన్ చేశాడు. సమాధుల తోటలో నాన్న పక్కన అమ్మకు చోటివ్వడానికి సంఘ పెద్దలు ఒప్పుకోలేదట. "మొగుణ్ణి వదిలేసి పోయిన మనిషికి మా తోటలో చోటెక్కడిదమ్మా" అన్నాడు, ఎంతో మర్యాదగా. నాన్న దెబ్బలు పడలేక నన్ను చంకనేసుకుని వెళ్లిన అమ్మ, వేటపాలెంలో జీడిగింజలు కొట్టి నన్ను టీచర్ని చేసింది. జీడి సొన తగిలిన ఆ వేళ్లు చివరిదాకా నల్లగానే ఉన్నాయి. అది సంఘానికి అక్కర్లేదు.

మునిసిపల్ శ్మశానంలో మాట్లాడేశానన్నారు మా ఆయన ఉదయ్ కుమార్. ఎక్కడైతే ఏంటి, మట్టేగా అన్నారు. ఆస్పత్రిలో అమ్మ నన్ను అడిగింది ఒక్కటే. "తెలియనివాళ్ల మధ్య పడుకోబెట్టకే." ఆ మాట చెబితే ఆయన చిన్నగా నవ్వారు. "నీకా బెంగ లేదులే. మావాళ్ల తోటలో నా పక్కన చోటుంది. బుద్ధిగా ఉంటే."

పొయ్యి దగ్గరే నిలబడి ఫోన్ తెరిచాను. పాత సంఘాల బాప్తిస్మాల సూచికలు ఇప్పుడు నెట్‌లో ఉన్నాయి. సంతోషకుమారి అనే అమ్మ పేరుతో వెతికితే చీరాలే వస్తోంది. ఆ పేరు అమ్మ అత్తింటివాళ్లు పెట్టింది. ఆడపడుచు పేరూ శాంతేనని, ఇంట్లో ఇద్దరు శాంతులెందుకని, చిన్ననాటి చిలకరింపు బాప్తిస్మం చెల్లదంటూ కాలవలో మళ్లీ ముంచి మా నానమ్మే ఆ పేరు మార్పించింది. అంతకుముందు అమ్మకు ఎవరూ లేరు. హాస్టల్లో పెరిగింది. తండ్రి పేరు తప్ప, పుట్టిన ఊరి పేరు కూడా ఆమెకు తెలియదు.

శాంతి, తండ్రి యోహాను. దొరికింది. ఊరు గుంటూరు అని ఉంది. పైనున్నవాళ్లదీ గుంటూరే, కిందున్నవాళ్లదీ గుంటూరే. పల్లెల రికార్డులన్నీ ఇక్కడికి తెచ్చి ఎక్కించినవాళ్లు ఊళ్లన్నిటినీ గుంటూరు చేసేశారు. ఆ వరస మళ్లీ పైనుంచి చదివాను.

అప్పట్లో పాస్టరుగారు మిరపకోతలయ్యాక ఒక్కో ఊరికి వచ్చి, ఆ ఏడాది పుట్టిన పిల్లలందరికీ ఒకేరోజు నీళ్లు పోసేవారట. అలాగైతే ఆ తేదీ పిల్లలంతా ఒకే ఊరివాళ్లై ఉండాలి. తేదీతో వెతికాను. నతానియేలు అనే పేరు ఇంటిపేరుతో సహా కనిపించింది. పెళ్లిళ్ల సూచికలో అదే మనిషి పక్కన ఊరు కూడా ఉంది, వెలగలపాడు. ఆ మండలంలో పనిచేసే ధనశ్రీ టీచర్‌ని అడిగితే ఆయన ఇప్పుడక్కడ సంఘ పెద్ద అని చెప్పి నంబరు పంపింది. టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్తయ్య ఏదో అన్నారు. నేను వినలేదు.

ఆ నంబరుకు ఫోన్ చేసి విషయం చెప్పాను. పోయింది ఎవరి భార్యమ్మా అని అడిగాడు పెద్దాయన.

"యోహానుగారి కూతురండి. శాంతి."

ఆ పేరుని ఆయన ఒకసారి తిరిగి పలికాడు.

"నాకూ ఆ శాంతికీ ఒకే రోజు నీళ్లు పోశారని మా అమ్మ చెప్పేది. తల్లి పోయాక ఆ పిల్లని హాస్టల్లో వేశారు, మళ్లీ రాలేదు. తీసుకురా తల్లీ. వాళ్లమ్మ పక్కనే తవ్విస్తా."

బండి వచ్చిందని చెప్పడానికి మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. ఇంకా టీ అవలేదా అన్నారు. ఆయన్నే చూస్తూ ఫోన్లో అడిగాను.

"అక్కడే ఇంకొకరికి కూడా చోటు ఉంచుతారాండీ?"

"ఎవరికమ్మా?"

"నాకండి."