సలంపు

నీ పరిశోధన దేని మీద అని ఎవరైనా అడిగితే ‘ఆర్థిక మాంద్యం’ అని చెప్పి ఊరుకుంటాను. బొబ్బిలిలో మా మామ్మ దాన్ని అగ్నిమాంద్యం అనుకుంది. "దానికి సింగపూరెందుకే చాందినీ, వాము నీళ్ళు తాగితే పోయేదానికి" అంది ఫోన్లో. నేను సరిదిద్దలేదు. క్లెమెంటిలో అద్దెగదిలో కూర్చుని తొంభై ఏళ్ళ కిందటి పేపర్లు చదివినందుకు నాకు స్కాలర్‌షిప్ ఇస్తున్నారంటే ఆవిడ ఎలాగూ నమ్మేది కాదు.

పని చెప్పుకోవడానికి తేలికే. పందొమ్మిదివందల ముప్ఫై, ముప్ఫై ఒకటిలో ఇక్కడి మామూలు జనం ఏం కొన్నారు, ఏం తిన్నారు, సాయంత్రం పూట ఏం చూశారు, పొద్దున్నే ఏ వార్తకి ఉలిక్కిపడ్డారు, అదీ నా విషయం. చదువుతుంటే మాత్రం ఒళ్ళు మండేది. ఒక పేజీలో రబ్బరు ధర పడిపోయిందని గగ్గోలు, పక్క పేజీలో కొత్తగా వచ్చిన మాట్లాడే సినిమా ప్రకటన: అన్నీ మాటలే, అన్నీ పాటలే, రండి! ఒకాయన బియ్యం ధర గురించి రాస్తాడు, ఇంకొకాయన గుర్రప్పందేల రోజున వానపడిందని ఏడుస్తాడు. బలానికి టానిక్కులు, టోపీల మీద తగ్గింపు, హోటల్లో సాయంత్రం టీతో పాటు డాన్సు. తోటలు మూతపడి కూలివాళ్ళని ఓడలెక్కించి ఇండియాకి తిప్పి పంపేస్తున్న సంగతి మాత్రం ఎక్కడో కింద, అణా కాసంత వార్త. వాళ్ళ పేర్లుండవు. ఆ ఓడల్లో మా జిల్లావాళ్ళూ ఉండే ఉంటారని నాకు తెలుసు, కానీ పేపరు నాతో ఆ మాట అనదు.

"కాగితాలు చాలు, మనుషుల్ని వెతుకు" అన్నారు మా ప్రొఫెసరు. ఆ కాలం మనుషులెక్కడ మిగిలారని విసుక్కుంటూనే తెలుగువాళ్ళ కార్యక్రమంలో ఈశ్వరరావు అంకుల్‌ని అడిగాను. ఆయన ఒక ఫోన్ నంబరిచ్చారు. హౌగాంగ్‌లో కోటేశ్వరి ఆంటీ, స్కూల్లో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళమ్మ నూకాలమ్మకి తొంభై దాటి చాలాకాలమైంది. మాంద్యం మొదలైన రోజుల్లోనే పుట్టిందట.

ఫ్లాటు తలుపు తీసి ఉంది. నూకాలమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని టీవీలో తమిళ సీరియల్ చూస్తోంది. నేను ‘నమస్కారమండీ’ అంటే పట్టించుకోలేదు. ఫోను మోగితే తీసి, మా అమ్మతో మా యాసలో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసరికి ఆవిడ టీవీ కట్టేసి నా వంకే చూస్తోంది.

"ఏ వూరు తల్లీ మీది?"

"బొబ్బిలి, మామ్మా."

"మరి వొచ్చినకాడ నుంచి ఆ గుంటూరోల్ల బాస ఏటి? మనోల్లలాగ మాట్లాడు."

యూనివర్సిటీలో తెలుగువాళ్ళున్నారు, కానీ వాళ్ళది ఈ తెలుగు కాదు. ఈ తెలుగు మా మామ్మది. ఆవిడ పెరట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ మాట్లాడేది. సముద్రం ఇవతల, పదో అంతస్తులో, సొంతూరు ఒక్కసారైనా చూడని మనిషి నోట్లో అది చెక్కుచెదరకుండా ఉంది. అప్పటికి నేను ఇంటికి వెళ్ళి రెండేళ్ళు దాటింది. ఆ క్షణంలో ఇంటి మీద ఎంత బెంగ పుట్టిందంటే రికార్డర్ ఆన్ చేయడం కూడా మరిచిపోయాను.

"మకాన్ అయిందా?" అని అడిగి, నేను తిన్నానన్నా వినకుండా పళ్ళెం పెట్టించింది. ఆ తర్వాత బేరం మొదలుపెట్టింది.

"నీకు కావాల్సింది నాను సెప్తాను. నాకు కావాల్సింది నువ్వు సూడాల. ఆ కాలం పేపర్లు సదువుతున్నావట కదా. మా అయ్య సలంపులో పోనాడు. సలంపుతో పోనోల్లని ఎక్కడ పూడ్సినారో ఏ పేపర్లోనైనా ఉంటాది. ఆ సోటు సూసి సెప్పు. ఓ దీపమెట్టొచ్చీసి నానూ పోతాను. మరింకేటీ అక్కర్నేదు నాకు."

తండ్రి పేరు భద్రయ్య. సింగపూరు పక్కనే మలయాలో ఉన్న జొహోర్‌లో రబ్బరు తోటలో పాలు తీసేవాడు. తల్లి పురిటికని సింగపూర్లో తన అన్న ఇంటికి వచ్చింది. భద్రయ్య వచ్చి, పుట్టిన పిల్లని చూసి, తిరిగి వెళ్ళాడు. ఆ వెళ్ళడం సలంపులో పోయాడు. ఎప్పుడడిగినా తల్లి ఆ ఒక్క ముక్కే చెప్పి కొంగు నోట్లో కుక్కుకునేదట. యుద్ధంలో జపానువాళ్ళు ఏలిన కాలంలో తల్లీ పోయింది. తర్వాత మేనమామే పెంచాడు. తల్లి చివరిదాకా బొట్టు తీయలేదని, తోటల నుంచి వచ్చినవాళ్ళు అవన్నీ పట్టించుకునేవాళ్ళు కాదని మేనమామ అన్నాడట. నేను అదంతా బుద్ధిగా రాసుకున్నాను.

"ఏటేటా మాలయ అమాసకి అయ్యకి పెద్దల కూడు పెడతాను. వొండి, ఇస్తరేసి, కాకికెడతాను. ఏ దిక్కుకి తిరిగి దండమెట్టాలో తెలీదు. అదే నా సూసా." సూసా అంటే మలయ్ భాషలో బాధ. అటు తిరిగి, ఇటు తిరిగి దండం పెట్టే ఆ మనిషిని తలుచుకుంటూ రైల్లో క్లెమెంటికి వచ్చాను.

ఆ నెల నా థీసిస్ ఒక్క అంగుళం కదల్లేదు. కలరా, బెరిబెరి, ప్లేగు, మశూచి, తోటల్లో వచ్చిన ప్రతి జబ్బునీ తిరగేశాను. సలంపు లేదు. తమిళ స్నేహితుణ్ణి అడిగాను, తెలీదన్నాడు. మలయ్ అమ్మాయిని అడిగితే, "కెలంబు అని ఒకటుంది, దోమతెర" అంది. ఎగిరి గంతేశాను. దోమతెర, దోమలు, మలేరియా! కెలంబు తెలుగువాళ్ళ నోట్లో పడి సలంపు అయింది. భాషాశాస్త్రం కూడా నాకే వచ్చినట్టు మురిసిపోయి, ఆ ఆదివారం హౌగాంగ్‌కి బయల్దేరాను.

ఫ్లాటు కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో కలుద్దామన్నారు ఆంటీ. అప్పటికే టిష్యూ పొట్లం పెట్టి బల్ల చోప్ చేసి, అంటే మాకని పట్టి, ఉంచారు. ముగ్గురం కూర్చున్నాం. నేను నా దోమతెర సిద్ధాంతం విప్పాను. పూడ్చిన చోటు దొరకలేదు గానీ జబ్బు మలేరియా అని తేలిపోయిందన్నాను.

నూకాలమ్మ నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసింది. "మలేరియా నాకు తెలీదేటి? నాకే రొండుపాల్లొచ్చింది. మలేరియా మనిసికొస్తాది. సలంపు ముందు రబ్బరుకొచ్చింది. తరవాత తగరానికొచ్చింది. ఆ తరవాతే మనుసులకొచ్చింది. మా మావయ్య సెప్పేవోడు."

"తగరానికా?"

"మరే. తగరం గనులన్నీ మూసీసినారట."

రబ్బరు చెట్టుకి తెగులు రావచ్చు. తగరానికి ఏం జబ్బొస్తుంది? అది లోహం కదా అనుకున్నాను. నా చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. రెండేళ్ళుగా ఆ కాలపు పేపర్లలో రబ్బరు, తగరం అన్న మాటలు పక్కపక్కన కనపడిన చోటల్లా వాటి పైన పెద్దక్షరాల్లో ఉండే మాట ఒక్కటే. నా థీసిస్ మొదటి పేజీలో నేనే టైపు చేసిన మాట. స్లంప్, అంటే మాంద్యమే.

ఇస్కూలు, ఇస్టేషను అనే నోరు రెండు హల్లుల్ని ఒకదాని మీద ఒకటి ఉండనిస్తుందా? విడదీసింది, చివర ఉకారం తగిలించింది, సలంపు అంది. తోట కూలీల ఇళ్ళ లైన్లలో అందరికీ తెలిసిన మాట అది. తొంభై ఏళ్ళ కిందటి మామూలు మనుషుల నోటి మాట కోసం దేశం దాటొచ్చిన దాన్ని, అది చెవిలో పడితే దోమతెర అనుకున్నాను. ఫక్కున నవ్వాను. సగం నవ్వుకే నోరు మూసుకున్నాను.

సలంపు జబ్బు కాకపోతే, అందులో ‘పోవడం’ చావూ కాదు. మా వైపు వెళ్ళినవాణ్ణీ పోనాడంటాం, చచ్చినవాణ్ణీ పోనాడంటాం. తోట మూతపడి భద్రయ్యని ఓడెక్కించి పంపేసి ఉంటారు. భార్య పచ్చి బాలింత, ఓడెక్కలేకపోయింది. ఆవిడ బొట్టు తీయకపోవడం పట్టించుకోకపోవడం కాదు, మొగుడు బతికి ఉన్నాడని తెలిసే. మేనమామ ఆ సంగతి పిల్లకి చెప్పలేక మాట దాటేసి ఉంటాడు.

"కాఫీ తెస్తాను" అని లేచి, ఆంటీని కూడా రమ్మని సైగ చేశాను. వరసలో నిలబడి చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"అమ్మకి చెప్పకు చాందినీ. ఏడవాల్సిందంతా ఏడ్చేసింది, ఫినిష్డ్. మళ్ళీ ఓపెన్ చెయ్యడం ఎందుకు? ఈ వయసులో, పాపం కదా."

ఆవిడన్నదే సబబు అనిపించింది. చెప్పకూడదని ఒట్టు పెట్టుకునే బల్ల దగ్గరికి వచ్చాను. నూకాలమ్మ కాఫీ ముట్టుకోలేదు.

"నవ్వినావు. నవ్వి నోరు మూసీసినావు. ఏటది?"

"ఏం లేదు మామ్మా."

"మల్లా గుంటూరు బాసలోకెల్లిపోనావు. ఏదో దాస్తన్నావు. సావు కబురే కదా, దానికి బయమేటి? ఎక్కడ పూడ్సినారు?"

నాకు అబద్ధం చెప్పడం రాదు. ఇంట్లో కూడా ఎప్పుడూ దొరికిపోయేదాన్ని. ఆంటీ కాలు తొక్కుతున్నా చెప్పేశాను. సలంపు అంటే ఏమిటో చెప్పాను. తోటలు మూసేసి ఓడల్లో పంపేశారని చెప్పాను. "మీ అయ్యని ఎక్కడా పూడ్సనేదు మామ్మా. ఊరెల్లిపోనాడు. అదే మీ అమ్మ సెప్పింది."

పక్క బల్ల దగ్గర ఎవరో పళ్ళేలు తీస్తున్నారు. ఆ చప్పుడులో ఆవిడ నా వైపు వంగింది.

"సావనేదా?"

"అప్పుడు సావనేదు."

"ఓలమ్మో" అంది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "బతికున్నోడికి పెద్దల కూడెట్టీసినానా? పెల్లైన కాన్నుంచీ ఎడతన్నాను. అక్కడ మా అయ్య సుకంగా తిరుగుతుంటే ఇక్కడ నాను కాకులకెట్టినానా? ఎంత పాపం సేసినాను తల్లీ!"

"నీకు తెలీదు కదా మామ్మా. ఇప్పుడైతే ఎలాగూ పోయే ఉంటాడు. బతికుంటే వందేళ్ళు ఎప్పుడో దాటిపోయేవి."

ఆంటీ నన్ను కొట్టేలా చూశారు. నూకాలమ్మ చేతులు దింపింది. ఈసారి ఏడుపు కాదు, కోపం.

"సచ్చినోడు రాలేడు. అందుకే నాను ఒక్కనాడూ అడగనేదు. బతికున్నోడు ఎందుకు రానేదు? సలంపు తగ్గినాక మల్లా తోటలు తెరిసినారు కదా. ఎందుకు రానేదు? మీ పేపర్లో ఏటని రాసినారు?"

పేపర్లో ఏముంది? రబ్బరు మళ్ళీ పుంజుకుందని ఉంది. కొత్త సినిమాలొచ్చాయని ఉంది. వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలనుకున్నారా, రాలేకపోయారా అన్నది ఏ పేజీలోనూ లేదు. ఆ తర్వాత యుద్ధం వచ్చిందని చెప్పబోయి మానుకున్నాను. యుద్ధానికి ముందు ఎన్నేళ్ళు ఉన్నాయో ఆవిడకీ తెలుసు.

"తెలీదు మామ్మా. నాకూ తెలీదు, పేపరుకీ తెలీదు."

ఆవిడ తల ఊపింది. ఆంటీ కుర్చీ బ్రేకులు తీసి ఇంటికి తీసుకెళ్ళబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. చల్లారిన కాఫీ తాగింది. ఆంటీ ఆవిడ మూతి తుడిచారు. ఇంక నన్ను ఆ ఇంటి గడప తొక్కనివ్వరని అనుకుంటూ కూర్చున్నాను. నాకు ఏడుపు వస్తోంది. పోయిన భద్రయ్య కోసమో, బొబ్బిలిలో మా వాళ్ళ కోసమో చెప్పలేను.

"తల్లీ" అంది నూకాలమ్మ. గొంతు మెత్తబడింది. "నన్ను సూసే ఎల్లినాడు కదా."

"సూసే ఎల్లినాడు."

"మరి బతికున్నన్నాల్లూ నన్ను తలుసుకోకుండా ఉంటాడేటి?"

"ఉండడు మామ్మా."

"అప్పటికి నాకింకా పేరెట్టనేదు. పురుడైనా తీరనేదు. నూకాలు అని తరవాత మావయ్య ఎట్టినాడు." నా మణికట్టు పట్టుకుంది. "పేరు తెలీని పిల్లని ఏటని తలుసుకుంటాడు?"

దీనికి మాత్రం నా దగ్గర జవాబుంది. "మన వైపు ఆడపిల్లని గుంట అంటారు మామ్మా. పేరెట్టినా ఎట్టకపోయినా, కూతురు ఎంత పెద్దదైనా అయ్యకి గుంటే."

"గుంట." నోట్లో తిప్పి చూసుకుంది. "ఎలగ పిలుస్తారు? సీకటి పడ్డాక పిల్ల ఇంటికి రాకపోతే, ఈదిలో నిలబడి?"

"ఇక్కడా మామ్మా? ఇంతమందిలోనా?"

"పిలు."

ఆంటీ వద్దనలేదు. బల్ల మీద చేతులు ఆనించి ఆవిడ కూడా నా నోటి వంక చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను. మా వీధిలో మగాళ్ళు పిలిచే సాగదీతతో, గొంతెత్తి పిలిచాను.

"ఓ గుంటో! ఎక్కడున్నావే, గుంటా!"

నూడుల్స్ కోసం వరసలో నిలబడినవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నూకాలమ్మ కుర్చీ చేతుల మీద బలం వేసి, నిలబడలేని కాళ్ళ మీద సగం దాకా లేచింది.

"ఇక్కడే ఉన్నానయ్యా" అంది. "నువ్వొగ్గీసిన కాడే ఉన్నాను."