విషం చెప్పే కూజా

నేను ఒక స్ఫటికపు కూజాను. నన్ను చూసి గాజనుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. గాజును ఊది చేస్తారు. నన్ను మాత్రం ఈజిప్టు దేశపు కైరోలో హసీబ్ అనే పనివాడు ఒకే రాతిలోంచి అరగదీసి అరగదీసి తీశాడు. నా కడుపు మీది జింకలు, తీగలు అతని చేతివే. ఎక్కడ పగులుతానోనని పని చేసినంతకాలం దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాడు, పాపం.

నేనున్న అక్కడి రాజుల ఖజానా చెదిరిపోయాక చేతులు మారి, ఓడెక్కి మన దక్కను చేరాను. ఇక్కడ ఒక సుల్తానుకు నేనంటే ప్రాణం. నా అందం చూసి కాదు లెండి. విషం పోస్తే స్ఫటికం పగులుతుందని ఆ రోజుల్లో రాజులకు ఓ నమ్మకం. సొంత అన్నదమ్ములను నమ్మనివాడు నన్ను నమ్మాడు!

నాతో ఆయనకు నీళ్లందించేవాడు కోనప్ప. సూరేకారం కలిపిన నీళ్లతొట్టిలో నన్ను దించి చల్లబరిచేవాడు. ఒక చలికాలం ఉదయం సుల్తానుకు దగ్గు పట్టుకుంది. హకీము కషాయం పంపి, వేడి తగ్గకముందే తాగాలన్నాడు. ఆ తొందరలో కోనప్ప అలవాటు కొద్దీ నన్ను తొట్టిలోంచి తీసి, పొగలు కక్కే కషాయం పోసేశాడు. సుల్తాను ఎదుటే నేను టప్పున చిట్లాను.

ఇంకేముంది, విషమన్నారు. భటులు కోనప్పను మోకాళ్ల మీద కూలదోసి కత్తి దూశారు. వేడికి చిట్లానయ్యా అని అరవాలనిపించింది, రాతికి మాటెక్కడిది?

అప్పుడు సుల్తానును పాలిచ్చి పెంచిన దాది జీనత్ బీ ముందుకొచ్చి, నన్ను రెండు చేతులా ఎత్తుకుంది.

"చిన్నప్పుడు చేదుమందు నేను తాగి చూపిస్తే గాని తాగేవాడివి కాదు బేటా. ఇప్పుడూ అంతే అనుకో," అంది.

పగులులోంచి కారుతున్నా చివరిదాకా తాగేసింది. ఆమెకేమవుతుందోనని మధ్యాహ్నం నమాజు దాకా ఎవరూ కదల్లేదు. ఆమె మాత్రం చేదు పోవడానికి బెల్లంముక్క కావాలని, అది కోనప్పే తేవాలని పట్టుబట్టింది. సుల్తాను తల వంచుకుని, అతన్ని వదిలిపెట్టమన్నాడు.

నా పగులుకు బంగారు కట్టు వేయించి పెట్టెలో దాచారు. ఆ తర్వాత ఎందరు రాజులు నన్ను మఖమలులో చుట్టి మురిసిపోయారో! ఇప్పుడు మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాను. వచ్చినవాళ్లు జింకలను చూసి ఆహా అంటారు. నాకు మాత్రం ఆ ముసలామె పెదవులే గుర్తొస్తాయి. ఆమె తర్వాత నాతో ఎవరూ ఏమీ తాగలేదు.