ఎడమచేతి బోల్టు

నేను ఒక బుల్‌పప్ రైఫిల్‌ని. మామూలు తుపాకులకు తూటాల పెట్టె ట్రిగ్గరుకు ముందుంటే, నాకు వెనక, భుజానికి ఆనుకునే చోట ఉంటుంది. అందుకే గొట్టం పొడవు తగ్గకుండానే పొట్టిగా ఉంటాను. ఇరుకు గదుల్లో, జీపు తలుపుల దగ్గర ఎవరికీ అడ్డం పడను. సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, చెక్కపెట్టెలో పడుకుని విజయనగరం అవతలి కమాండో క్యాంపుకు వచ్చాను. మూత తీసిన ఆర్మరర్ సన్యాసిరావు నన్ను చూసి మొహం చిట్లించాడు.

"ఇదేట్రా బాబూ, ఎనక్కి తిరిగి పుట్టినట్టుంది!"

ముప్పై ఒక్క ఏళ్ళు ఆయుధాగారంలో తుపాకులు విప్పి బిగించిన మనిషి. ఎవరితోనూ పడదు.

తర్వాత నా అలంకరణ సామాను వచ్చింది. ఏది పెట్టాలో మా శిక్షణ చూసే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, ఆర్‌ఐ పరశురామ్ గారే వరండాలో కుర్చీ వేయించుకుని నిర్ణయించాడు. నాలుగు వందల మీటర్ల దూరం చూపించే స్కోపు, లేజరు, టార్చి, ముందు ఒక పిడి, దానికింద రెండు కాళ్ళ స్టాండు. గంగిరెద్దును కూడా అలా ముస్తాబు చెయ్యరు. నన్ను భుజాన పెట్టుకుని ఫోటో దిగాడు. కిలోన్నర బరువెక్కాను. దగ్గరి గురికి పనికొచ్చే బొటనవేలంత ఎర్రచుక్క సైటు ఒకటి, పేలిన తూటా గుల్లను ఎడమపక్కకు విసిరే ఎడమచేతి బోల్టు గ్రీజు కాగితంలో చుట్టినది ఒకటి ఎవరికీ అక్కర్లేక చెక్కపెట్టె అడుగున మిగిలాయి.

నన్ను బోనెల కుసుమకు ఇచ్చారు. పార్వతీపురం దగ్గర కొండకింది పిల్ల, కానిస్టేబులు. ఇళ్ళలోకి దూరి బందీలను విడిపించే జట్టులో చేరడానికి వచ్చింది. పది రోజుల్లో పరీక్ష. ఇసుక మూటలతో కట్టిన ఇంట్లో ఆరు బొమ్మలను గడువులోగా కొట్టాలి. తప్పితే మళ్ళీ బందోబస్తు డ్యూటీకి పోవాలి.

ఆమెది ఎడమచేతి వాటం. నేనేమో కాలిన గుల్లలను కుడిపక్కకు విసిరేదాన్ని. ఎడమ భుజాన పెట్టుకుంటే ఆమె చెంప సరిగ్గా అక్కడే ఆనుతుంది. మొదటి రోజు మూడు తూటాలు కాల్చింది, మూడు వాతలు పడ్డాయి. నన్ను బల్లమీద పడేసి పామును చూసినట్టు చూసింది. నాకూ ఆమె నచ్చలేదు.

ఆర్‌ఐ అడిగాడు. "అన్నం ఏ చేత్తో తింటావ్?"

"కుడిచేత్తోనే సార్."

"తుపాకీ ఆ చేత్తోనే పట్టు. నీ చెయ్యి చూసి సర్కారు తుపాకులు కొనదు."

"అన్నం మొహం మీద పేలదు సార్."

మిగిలినవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ నవ్వును ఆర్‌ఐ క్షమించలేదు. నాలుగు రోజులు కుడిభుజాన పెట్టించే కాల్పించాడు. ఒక్క తూటా సరిగా తగల్లేదు. పైగా ఏడడుగుల గదిలో ఆ స్కోపు లోంచి చూస్తే గోనెసంచి నేత తప్ప బొమ్మ కనబడేది కాదు. గురి తప్పినప్పుడల్లా అందరి ముందూ తిట్టాడు. ఆమె చెంప మీద వాతలు నల్లబడ్డాయి.

ఆరోరోజు ఆమె నన్ను తెచ్చి సన్యాసిరావు ముందు పెట్టింది. "పెట్టి అడుగునున్న ఆ ఎడం సేతి బోల్టు ఎయ్యండి. ఈ దుర్బిణీ తీసి సిన్న సైటు ఎట్టండి."

"ఆర్‌ఐ గారు సెప్పాలి."

"ఆయన సెప్పరు."

"అయితే నాను ఎయ్యను. పో."

ఆమె తెల్లకాగితం ముందుకు తోసింది. "అయితే, ఎడం సేతి బోల్టు ఈ క్యాంపులో నేదని రాసి సంతకం ఎట్టండి. నాను ఫెయిలైపోతే కమాండెంటు గారికి సూపించుకుంతాను."

సన్యాసిరావు మొహం జేవురించింది. "నన్ను బెదిరిత్తన్నావేటే?"

"అవునండి."

అతను నన్ను తన వైపుకు లాక్కున్నాడు. స్కోపు, లేజరు, స్టాండు ఒక్కొక్కటే ఊడదీసి బల్లమీద గిరాటేశాడు. బోల్టు మార్చాడు, గుల్లలు దూకే కిటికీ మూతను అవతలి వైపుకు మార్చాడు, ఎర్రచుక్క సైటు బిగించాడు.

"నీ కోసం కాదు. అబద్ధం కింద నా పేరుండదు, అంతే."

మర్నాడు ఆర్‌ఐ రాకముందే మైదానంలో ఆమె సైటు సరిచేసుకుంటుంటే సన్యాసిరావు వెనక నిలబడి కసిరాడు. "కిందకి. ఇంకా కిందకి. కళ్ళు నేవా?"

పరీక్షనాడు ఆమె ఎడమ భుజాన నన్ను పెట్టుకుని తలుపు తన్ని లోపలికి పోయింది. ఆరు బొమ్మలకూ ఆరు చిల్లులు పడ్డాయి. గడువుకింకా కొన్ని సెకన్లు మిగిలాయి.

ఆర్‌ఐ నమ్మలేదు. "ఇందులో ఏదో మతలబుంది," అంటూ నన్ను లాక్కుని, నా ఒంటి మీద మారినదేమిటో చూడకుండానే తన కుడిభుజాన పెట్టి కాల్చాడు. గుల్ల ఎగిరి అతని కుడి చెంపకు అతుక్కుంది. "అబ్బా!" అని కెవ్వుమన్నాడు. నాకు కుడి ఎడమల పక్షపాతం లేదు. తప్పు వైపు నిలబడ్డవాళ్ళనల్లా కాలుస్తాను.

చెంప రుద్దుకుంటూ సన్యాసిరావు మీద విరుచుకుపడ్డాడు. "పాత బోల్టు వెయ్యి! స్కోపు మళ్ళీ బిగించు!"

"ఎందుకో రాసియ్యండి సార్. బిగించేత్తాను."

ఆర్‌ఐ పెన్ను తీశాడు. కారణం రాయాల్సిన చోట దాని మొన ఆగిపోయింది. పరీక్ష నెగ్గిన మనిషి చేతిలోంచి నెగ్గించిన తుపాకీని మార్చడానికి అతనికి కారణం దొరకలేదు. పెన్ను మూసి వెళ్ళిపోయాడు. ఆ కోపం మాత్రం ఆమె డ్యూటీల పట్టికలో చాలాకాలం కనబడింది. పండగపూట కాపలాలన్నీ ఆమెవే.

ఇప్పుడు నేను జట్టులో ఉన్నాను. ఆయుధాగారం కిటికీలోంచి సన్యాసిరావు నన్ను ఆమె వైపు తోస్తాడు. ఆమె అందుకుంటుంది. మా ముగ్గురిలో ఎవరికీ ఎవరంటే ఇష్టం లేదు. మూడుసార్లు నిజమైన ఇళ్ళలోకి దూరాం. లోపల ఏం జరిగిందో తుపాకులు చెప్పకూడదు. ఇంత మాత్రం చెప్పగలను. తలుపు తన్నే ముందు ఆమె ఎడమ చెంప వచ్చి నా మీద ఆనుతుంది, జంకదు. మనుషుల దగ్గర నేను సంపాదించుకున్న మర్యాద అంతే.